పక్కకు జరిగిన బావులు

కొత్తగా పటాలు గీసే పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "అమ్మా, ఆ వయసులో మీరు జీఐఎస్ ఎట్లా నేర్చుకున్నారు?" అని అడుగుతారు. నా పట్టుదల గురించి నాలుగు మాటలు చెబుతానని వాళ్ళ ఆశ. పట్టుదలా పాడూ ఏమీ లేదు. కంప్యూటరులో పటాలు గీయడం నేర్చుకోమని పైనుంచి ఆర్డరు వచ్చింది, నేర్చుకున్నాను. కాబట్టి వాళ్ళకు నా గొప్పలకు బదులు తనకల్లు వైపు ఒక వాగు, మా మాటలో వంక, దాని పక్కనున్న బావుల సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతాను.

నేను అనంతపురంలో ఒక సర్కారు ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. మెట్ట పొలాల్లో పడిన వాననీటిని కట్టలు, కుంటలు కట్టి నిలబెట్టడం ఆ ఆఫీసు పని. ట్రేసర్ అంటే, ఉన్న పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతను పైన మళ్ళీ గీసే మనిషి. సొంతంగా ఏమీ కల్పించకూడదు. తప్పు పడితే బ్లేడుతో గీకాలి. గీకిన చోట సిరా పాకుతుంది. కాబట్టి తప్పు పడకూడదు. ఈపాటి సూత్రం మీద నా ఉద్యోగం చాలాకాలం హాయిగా నడిచింది.

మా సెక్షనుకు పెద్ద దిక్కు ఒక హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. అందరం ఆయన్ను పెద్దాయన అనేవాళ్ళం. ఆయన రాసిన ఊరి పేర్లు చూసి అచ్చు వేయించారనుకునేవారు. అంతకన్నా గొప్ప పేరు ఆయనకు ఇంకో పనిలో ఉండేది. పక్కపక్క పటాల షీట్లు రెండు తెచ్చి అంచులు ఆనిస్తే అవి ఏనాడూ కలవవు. ఈ షీటులో పారుతున్న వంక ఆ షీటులో కాస్త పక్కన మొదలవుతుంది. కాగితం ఎండకు ముడుచుకుంటుంది, చెమ్మకు సాగుతుంది, గీసినవాడి చెయ్యి వణికి ఉంటుంది. అప్పుడు పెద్దాయన వచ్చి, పై కాగితాన్ని అరచేత్తో కొంచెం కొంచెంగా జరుపుతూ, ఇక్కడ కాస్త తగ్గించి అక్కడ కాస్త పెంచి, చూసేవాళ్ళకు అతుకు తెలియకుండా చేసేవారు. దీన్ని మేము సర్దడం అనేవాళ్ళం. వేరే ఆఫీసుల వాళ్ళు కూడా షీట్లు చంకలో పెట్టుకొని ఆయన దగ్గరకు సర్దించుకోవడానికి వచ్చేవారు. ఆయన ఒక టీ తాగి సర్దిపెట్టేవారు.

మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన ఏడాది వానలు రాలేదు. వాటి కోసమని ఒక గదికి ఏసీ పెట్టారు. మనుషులు పాత హాల్లో చెమటలు కారుస్తూ పనిచేసినన్నాళ్ళూ రాని ఏసీ పెట్టెలకు వచ్చింది. దాని గురించి పెద్దాయన, "పోనీ, వాటి పక్కన కూర్చుంటే మనకూ కొంచెం గాలి వస్తాది గదా" అన్నారు. ఆయనకు కోపం తక్కువ.

పాఠాలు చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయిని పంపారు. మా పిల్లల ఈడుది. మేమంతా మేడమ్ అనేవాళ్ళం, ఆమె మమ్మల్ని సార్, అమ్మా అనేది. మొదటి వారమంతా మౌసుతోనే సరిపోయింది. పెద్దాయన దాన్ని పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకొని గీత లాగితే, అది టేబులు అంచుదాకా పోయి ఆగేది.

"మేడమ్, చోటు చాలల్యా" అనేవారు.

"ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోండి సార్."

"పెన్ను ఎత్తితే గీత తెగిపోతాది గదమ్మా!"

తెగదని నమ్మడానికి ఆయనకు రోజులు పట్టాయి.

పాఠాలు మరీ కష్టంగా ఏమీ లేవు. భూమ్మీద ఉన్నదంతా మూడు రకాలుగా గీయొచ్చని మేడమ్ చెప్పింది. బావి ఒక చుక్క. వంక ఒక గీత. చెరువు నాలుగు వైపులా మూసిన గీత. ప్రతి చుక్క వెనకా ఒక పట్టిక ఉంటుంది. బావి ఎవరిది, ఎంత లోతు, నీళ్ళు ఉన్నాయా లేవా అన్నది అందులో పడుతుంది. లేయర్ల పాఠం మాకు చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. వంకలు ఒక కాగితం మీద, దారులు ఒక కాగితం మీద గీసి ఒకదానిపై ఒకటి పరచడమే మేము జీవితమంతా చేసిన పని. ఆ రోజు మేమంతా క్లాసులో ఫస్టు. మాకు వింతగా తోచింది ఒకటే, చేసిన తప్పును ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకోగలగడం. పెద్దాయన దాన్ని పదేపదే నొక్కి చూసి, "అంటే ఇంక భయం లేదన్నమాట" అన్నారు. ఆ మాటకు మేమంతా నవ్వాం.

భూమి ఆకారానికి రకరకాల లెక్కలుంటాయని, పాత పటాలు ఒక లెక్క మీద గీసినవని, ఉపగ్రహాలతో మాట్లాడే చేతి యంత్రం ఇంకో లెక్క మీద నడుస్తుందని, ఆ రెండింటినీ కలపాలంటే ముందుగా ఒక సెట్టింగు మార్చుకోవాలని కూడా మేడమ్ చెప్పింది. మధ్యాహ్నం రాగి సంగటి తిని వచ్చి చల్లటి గదిలో కూర్చున్నాక చెప్పింది. అందరం తలలు ఊపాం. కొందరం నిద్రలో ఊపాం.

మా ఆఫీసరుకు ఒక మంచి ఆలోచన వచ్చింది. ఉత్తుత్తి అభ్యాసాలు ఎందుకు, నిజం పనినే క్లాసులో చేయిస్తే శిక్షణా పూర్తవుతుంది, పనీ అయిపోతుంది అన్నాడు. తనకల్లు దాటాక ఒక వంక మీద ఆ ఏడాది ఊటకుంట ఒకటి కట్టాలి. వంకకు అడ్డంగా కట్ట వేసి నీటిని నిలబెడితే, అది భూమిలోకి ఇంకి కింద ఉన్న బావుల్లో ఊరుతుంది. మంజూరైంది ఒక్క కుంట. చోట్లు రెండు. ఎగువ ఊరి దగ్గర ఒకటి, దిగువ ఊరి దగ్గర ఒకటి. ఏ చోటి కింద నీళ్ళున్న బావులు ఎక్కువగా ఉంటే ఆ చోటికే కుంట. కంప్యూటరు రెండు చోట్ల చుట్టూ రెండు వలయాలు గీసి, లోపల పడిన చుక్కలను లెక్కపెడుతుంది. రాజకీయం ఉండదు, సిఫారసు ఉండదు. ఇంత నిష్పక్షపాతం మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు.

చేతి యంత్రాలు పట్టుకొని ఆ రెండు ఊళ్ళూ తిరిగాం. పెద్దాయన ఎగువ ఊరు, నేను దిగువ ఊరు. నాకు తోడుగా వచ్చి బావులు చూపించింది ఒక రైతు. నాకంటే చిన్నది. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. ఈమె ఇంటి దగ్గర మల్బరీ తోట పెట్టుకొని, ఆకు కోసి పట్టుపురుగులను సాకి, పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేస్తుంది. తోటంతా ఒక్క బావి మీదే నడుస్తోంది. ఆ బావి ఒడ్డున నేను యంత్రం పట్టుకొని నిలబడితే ఆమె వచ్చి తొంగిచూసింది.

"ఏమక్కా, దీన్ని బాయిలోకి చూపిస్తే నీళ్ళు ఎంతుండేది కనపడతాదా?"

"కనపడదు. బావి ఎక్కడుందో చెబుతుంది."

"దానికి ఇదెందుకు? ఈడ ఉండాది గదా, కండ్ల ముందర!"

నిజమే. నేనూ నవ్వాను. తర్వాత ఆమె బావిలోకి ఒక రాయి వేసింది. చప్పుడు చాలా కిందనుంచి వచ్చింది.

"కుంట వస్తే ఇది నిలస్తాది. రాకపోతే తోట పెరికేసి నేను గూడా బెంగుళూరికి పోవాల్సిందే. ఆయప్ప ఆడ, నేను ఈడ ఉండి చేసేదేముండాది?" అంది. ఏడుస్తూ చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆఫీసుకు వచ్చి, కొలిచిన బావుల పాయింట్లన్నీ కంప్యూటరులో పాత పటం షీటు మీదకు ఎక్కించాం. ఒక్క బావి కూడా ఉండాల్సిన చోట లేదు. వంక ఒడ్డున కొలిచిన బావులు వంక దాటి చేలల్లో పడ్డాయి. గుట్ట కింది బావి గుట్ట ఎక్కింది. మేడమ్ ఆ రోజు వేరే ఊళ్ళో క్లాసు చెబుతోంది. ఆఫీసరు తొందరపెడుతున్నాడు. అందరం పెద్దాయన ముఖం చూశాం. ఆయన కొత్త పెళ్ళికొడుకులా కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. క్లాసులో ఆయనకు తెలిసిన పని వచ్చింది మరి.

పాత షీటులో బావులు ఉన్నచోట చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. పెద్దాయన ఒక్కో చుక్కనూ పట్టుకొని, దానికి దగ్గరలో ఉన్న గుర్తు మీదకు జరిపారు. ఓపిగ్గా, ఒక్కటి కూడా వదలకుండా. మౌసు అప్పటికి ఆయన మాట వింటోంది. నేను పక్కన కూర్చొని చుక్కల పేర్లు చదువుతూ పోయాను.

"ఇట్లా జరపొచ్చా?" అని మాలో ఎవరో అడిగితే, "ఇంతకాలం షీట్లు వాటంతట అవి యాడ కలిసినాయప్పా? మనం కలిపితే కలిసినాయి" అన్నారు.

సాయంత్రానికి ప్రతి బావీ ఒక గుర్తు మీద కుదురుగా కూర్చుంది. చూడముచ్చటగా ఉంది. వలయాలు గీస్తే దిగువ వలయంలో బావులు కిక్కిరిసి కనిపించాయి. కుంట దిగువ ఊరికి అని తేలింది. ఆఫీసరు ఊళ్ళోవాళ్ళకు కబురు పెట్టి, కాగితాలు పైకి పంపాడు. దిగువ ఊరి రైతు మా ఆఫీసుకు ఫోను చేయించి, నన్ను పిలిపించి మరీ, "అక్కా, తోట పెరకల్యా. ఇంగా కొంచెం కడ్డీలు నాటినా" అని చెప్పింది. మల్బరీ కొత్తగా పెట్టాలంటే కడ్డీలే నాటుతారు. నాకు ఆ పూటంతా సంతోషంగా ఉండింది.

మేడమ్ తిరిగి వచ్చి మా అభ్యాసం దిద్దడానికి కూర్చుంది. బావుల చుక్కల కింద ఉపగ్రహం తీసిన ఫోటో పరిచింది. అట్లా పరచవచ్చని మాకు ఇంకా చెప్పలేదు.

"సార్, ఈ బావి ఎవరిదో ఇంటి పైకప్పు మీద ఉంది" అంది.

పెద్దాయన వంగి చూశారు.

"ఇది రోడ్డు మధ్యలో ఉంది. ఇదిగో, ఇది గొర్రెల దొడ్డిలో."

"పాత షీటులో ఆడ బావి ఉండాది మేడమ్. చూడండి, గుర్తు" అన్నారాయన.

షీటు గీసిన కాలానికి అక్కడ బావి ఉండేది. అది ఎప్పుడో ఎండిపోతే పూడ్చేసి పైన ఇల్లు కట్టుకున్నారు. కరువు వచ్చిన ప్రతిసారీ మా పక్క జనం పాత బావి వదిలేసి కొత్తది తవ్వుతారు. కొత్తవి పాత షీటులో ఉండవు కదా. పెద్దాయన నీళ్ళున్న బావులను తీసుకుపోయి పూడ్చిన బావుల మీద పెట్టారు. ఎగువ ఊరివాళ్ళు ఈ మధ్య తవ్వుకున్న బావులన్నీ ఎగువ చోటికి కిందనే ఉన్నాయి. వాటికి దగ్గర్లో పాత గుర్తులు లేకపోయేసరికి అవి వంక వెంబడి దిగి వచ్చి దిగువ ఊరి వలయంలో చేరాయి.

మేడమ్ కోప్పడలేదు. యంత్రాల్లో మొదటి పాయింట్లు ఇంకా భద్రంగా ఉన్నాయి. వాటిని మళ్ళీ ఎక్కించి, మేము తలలు ఊపిన ఆ మధ్యాహ్నం చెప్పిన సెట్టింగు మార్చింది. బావులన్నీ ఒకే వైపుకు, ఒకే దూరం, గొర్రెల మందలా కదిలి వాటి వాటి చోట్లలో నిలబడ్డాయి. ఫోటోలో ప్రతి చుక్క కిందా ఒక నల్లటి బావి నోరు కనిపించింది. మళ్ళీ వలయాలు గీసింది. ఎగువ వలయం నిండింది. దిగువ వలయంలో కొన్ని మిగిలాయి. మల్బరీ తోట బావి ఆ మిగిలిన వాటిలో ఒకటి.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారు.

ఆఫీసరు విషయం విని తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. "ఊళ్ళో చెప్పేశాం, పైకి పంపేశాం. రెండూ మన ఊళ్ళే కదండీ, ఎవరికో ఒకరికి నీళ్ళు వస్తాయి. ఇట్లా పోనిద్దాం" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ఆ మాట చల్లగా తగిలింది. ఆ తప్పు అట్లాగే ఉండిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాను. రాయి పడిన చప్పుడు నేను విన్నాను. ఎగువ ఊరి బావుల చప్పుడు నేను వినలేదు. పెద్దాయన విన్నారు.

"అట్ల కాదు సార్. ఎగువూరోళ్ళ బాయిలు మనం ఎత్తుకొచ్చి దిగువూర్లో పెట్టినట్ల అయిపోతాది. నేను పోయి చెప్తా" అన్నారు.

రెండు ఊళ్ళవాళ్ళనూ బడి దగ్గర కూర్చోబెట్టాం. కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రొజెక్టరుతో గోడ మీద పటం వేశాం. మేడమ్ మాట్లాడబోతే పెద్దాయన వద్దని, తనే ముందుకు వచ్చారు. మొదట తప్పు పటం చూపించారు. తర్వాత మేడమ్ సరిచేసింది చూపించారు. లెక్కల గొడవ ఎత్తలేదు. "చుక్కలు సరిపోలేదని నేనే నా చేత్తో జరిపినాను. ఇంకెవురి తప్పూ లేదు. కుంట ఎగువకు పోవాల్సింది" అన్నారు. ఎగువ ఊరివాళ్ళు ఈల వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. రేపు పొలాల్లో ముఖాలు చూసుకోవాల్సినవాళ్ళు వాళ్ళు.

మల్బరీ తోట రైతు లేచి నిలబడింది.

"ఏమన్నా, మాకే అని కబురు చెప్పి పంపిస్తిరి. నేను కడ్డీలు నాటుకుంటి."

"తెలుసమ్మా. తప్పు నాదే."

"నువ్వు చేత్తో జరిపితే కుంట మా ఊరికి వచ్చె. అంతేనా?"

"అంతే తల్లీ."

"ఇప్పుడు ఆయమ్మ జరిపితే మా ఊరినుంచి పాయె."

"అవును."

"అయితే మళ్ళా నువ్వే జరుపు. చెయ్యి ఉండాది గదా నీకు."

కొందరు నవ్వారు. ఆమె ఎగతాళికి అనలేదు. ఆమెకు కనిపించినంతవరకు అదే న్యాయం. ఒకరు జరిపితే వచ్చి, ఇంకొకరు జరిపితే పోయే నీళ్ళలో ఏ జరపడం సరైందో ఆమెకు చెప్పడానికి మా దగ్గర గోడ మీది చుక్కలు తప్ప ఏమీ లేవు. పెద్దాయన తన చేతివైపు చూసుకున్నారు. ఎంతో మంది షీట్లు పట్టుకొచ్చి అడిగితే కాదనని చెయ్యి అది.

"జరపలేనమ్మా" అన్నారు.

"గమ్మున ఉండింటే అయిపోయేది గదన్నా" అంది. అని, చీర కొంగు దులుపుకొని కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు జీపు కదిరిలో టీకి ఆపితే పెద్దాయన దిగలేదు. మేడమ్ గ్లాసు తీసుకుపోయి ఆయనకు ఇచ్చి, "సార్, మీరు చేసింది చాలా..." అని మొదలుపెట్టింది. "వద్దమ్మా" అన్నారాయన. ఆ పిల్ల అంతటితో ఆపింది. ఆమెకు తెలిసిన మర్యాదల్లో అది పెద్దది.

కుంట ఎగువ ఊరి దగ్గర కట్టారు. ఆ మరుసటి ఏడు వాన పడింది, కుంట నిండింది, దాని కింద బావుల్లో నీళ్ళు పైకి లేచాయి. పటం తప్పు చెప్పలేదు. మేము పాసయ్యామని సర్టిఫికెట్లు వచ్చాయి. పెద్దాయన రిటైరయ్యేదాకా కంప్యూటరు గదికి వచ్చేవారు. పక్కన కూర్చొని, మేము గీస్తుంటే చూసేవారు. మౌసు మాత్రం ముట్టుకోలేదు. షీట్లు సర్దమని ఎవరైనా వస్తే మేడమ్ నేర్పిన పద్ధతి నాతో చెప్పించేవారు. ఆయన్ను తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ రైతును తలచుకున్నప్పుడు మాత్రం ఆ గౌరవం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తర్వాత ఆ వంక బావులన్నీ మళ్ళీ చూసి, ఏవి బతికున్నాయో ఏవి లేవో పట్టికలో మార్చమని నన్ను పంపారు. దిగువ ఊళ్ళో ఆమె తోట ఉన్నచోట దున్నిన చేను ఉంది. ఆమె బెంగుళూరు పోలేదు. పోదామనుకునే లోపు భర్తే పని మానేసి వచ్చేశాడట. ఇద్దరూ కొత్తచెరువు వైపు కూలికి పోతున్నారు. ఆ రోజు పని లేక ఇంటి దగ్గర ఉంది. నన్ను గుర్తుపట్టి, నడువు అని తనే బావి దగ్గరకు తీసుకుపోయింది. ఈసారి రాయి వేయలేదు. బావి అడుగున తంగేడు మొలిచింది.

నేను ఒడ్డున నిలబడి యంత్రం చూసుకున్నాను. ఆమె మునుపటిలాగే నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఆ చుక్కేనా మా బాయి?"

"అదే."

"ఈడ్నే ఉండాదా? సరిగ్గా?"

"సరిగ్గా ఇక్కడే ఉంది."

ఆమె ఆ చుక్కను కాసేపు చూసింది. కోపం లేదు. ఆమె కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నీళ్ళుండేటప్పుడు యాడనో పెట్టిరి. ఎండినంక సరిగ్గా పెట్టినారే అక్కా" అంది.

నేను పట్టికలో నీళ్ళు లేవని మార్చి, అక్కడినుంచి కిందకు దిగాను.